నల్లర్‌బోర్ గట్టు మీద పెట్టిన ఒట్టు

హారిస్‌డేల్, పెర్త్
గురువారం

నాన్నకి,

నీ కూతురు భవాని దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమంగానే ఉన్నాను. రెండు చేతులూ, రెండు కాళ్ళూ, ముప్ఫై రెండు పళ్ళూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఈ లెక్క ముందే ఎందుకు అప్పజెబుతున్నానో కాస్త చదివితే నీకే తెలుస్తుంది. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? నువ్వు షుగర్ మాత్రలు వేళకి వేసుకుంటున్నావా, గుర్తొచ్చినప్పుడు వేసుకుంటున్నావా? నానమ్మ కళ్ళజోడు అలవాటు చేసుకుందా? గోపీగాడు ఇంటర్ పుస్తకాలు తెరుస్తున్నాడా, ఫోనే తెరుస్తున్నాడా?

రోజూ వీడియో కాల్ చేసే పిల్ల ఉత్తరం రాసిందేమిటా అనుకుంటున్నావు కదూ. ఫోన్‌లో అయితే నా మొదటి మాటకే నువ్వు అరుస్తావు. రెండో మాటకి ఫోన్ అమ్మ చేతిలో పెట్టి వీధిలోకి వెళ్ళిపోతావు. ఉత్తరం మీద ఎంత అరిచినా అది చెప్పాల్సింది చెప్పే తీరుతుంది.

అందుకే ఒక్క గుక్కలో చెప్పేస్తున్నాను. కారు నడిపాను నాన్నా. గన్నవరం ఎయిర్‌పోర్టులో నీ చేతిలో చెయ్యేసి, స్టీరింగ్ జన్మలో ముట్టుకోనని వేసిన ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. లైసెన్స్ వచ్చి ఐదు నెలలైంది. "ఈ స్టీరింగ్ మన ఇంట్లో నాతోనే ఆగిపోవాలి" అని నువ్వు ఎన్నిసార్లు అన్నావో నాకు గుర్తుంది. గుర్తుండే చేశాను. తప్పు నాదే.

తప్పు ఒప్పుకోవడానికే కాదు, ఒకటి అడగడానికి కూడా రాస్తున్నాను. నర్సింగ్ ఆఖరి సెమిస్టర్‌లో నాకు కాల్‌గూర్లీ అనే ఊళ్ళో ట్రైనింగ్ ఇస్తామంటున్నారు. అక్కణ్ణుంచి ఎడారిలో ఉన్న చిన్న చిన్న ఊళ్ళకి క్లినిక్ బండి వెళుతుంది. బీపీ చూడాలి, కట్లు కట్టాలి, పిల్లలకి టీకాలు వెయ్యాలి. బండికి వేరే డ్రైవరు ఉండడు, నర్సులే వంతులేసుకుని నడుపుకోవాలి. ఆరు నెలలు. ఒప్పుకుంటానో లేదో నెలాఖరులోగా చెప్పాలి. నువ్వు వద్దంటే ఇక్కడే పెద్దాసుపత్రిలో వార్డు డ్యూటీ చేసుకుంటాను, అలగను. కానీ వద్దనే ముందు దారిలో జరిగిందంతా చదువు. ఏమీ దాచకుండా రాస్తున్నాను.

అడిలైడ్ కాలేజీ నుంచి ఆరు వారాల ఆసుపత్రి డ్యూటీకి పెర్త్ రావాలని నీకు చెప్పాను కదా. విమానంలో వస్తున్నానని కూడా చెప్పాను. అది అబద్ధం. నా క్లాస్‌మేట్ సునీత, నరసాపురం పిల్ల, సామానంతా కారులో వేసుకుని ఇక్కడికి మారుతూ తోడు రమ్మంది. అడిలైడ్ నుంచి పెర్త్ దాకా రెండు వేల ఏడు వందల కిలోమీటర్లు. విజయవాడ నుంచి గౌహతి లోడు కంటే ఎక్కువే అనుకో. కాకపోతే దారిలో ఊళ్ళుండవు, మనుషులుండరు, టీ కొట్లుండవు. మధ్యలో నల్లర్‌బోర్ అని ఒక బయలు ఉంది, అందులో చెట్టు కూడా ఉండదు.

బయలుదేరేటప్పుడు నేను అద్దెకుండే ఇంటి ఓనరు విమలా ఆంటీ నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. ముందు బంపరుకి నిమ్మకాయా ఏడు మిరపకాయలూ గుచ్చి కట్టింది. సునీత వాళ్ళది చర్చి కుటుంబం కదా, అది స్టీరింగ్ మీద తల ఆనించి పది నిమిషాలు ప్రార్థన చేసింది. ఇటు నుంచీ అటు నుంచీ ఇన్సూరెన్స్ అయిపోయాక ఆంటీ ఒక బుట్టెడు పళ్ళు వెనక సీట్లో పెట్టి, దానికి బెల్టు కూడా పెట్టింది.

మొదటి రోజు సునీతే నడిపింది. కింబా అనే ఊళ్ళో రోడ్డు పక్కన రెండంతస్తుల మేడంత గులాబీరంగు చిలక బొమ్మ ఉంది. ఎందుకు కట్టారని కొట్టులో అడిగితే, "కట్టకపోతే మీరు ఆగేవాళ్ళా?" అన్నాడు కొట్టతను. నిజమే, ఆగాం, ఫోటోలు దిగాం, అతని దగ్గరే రెండు కాఫీలు కూడా తాగాం. ఈ తెలివి మన హైవే హోటళ్ళ వాళ్ళకి లేదు నాన్నా.

రెండో రోజు నల్లర్‌బోర్ రోడ్‌హౌస్. రోడ్‌హౌస్ అంటే పెట్రోలు బంకూ, హోటలూ, గదులూ, అన్నీ ఒకచోటే. అక్కడ గోల్ఫ్ ఆడొచ్చు. పద్దెనిమిది గుంటలు, కానీ ఒక్కో మకాం దగ్గర ఒక్కో గుంట. ఒక గుంటలో బంతి వేసి, కారెక్కి, ఎనభయ్యో వందో కిలోమీటర్లు పోయి ఇంకో గుంటలో వెయ్యాలి. మా ఆట మొదటి గుంట దగ్గరే ముగిసింది. సునీత నాలుగుసార్లు మట్టిని కొట్టి ఐదోసారి బంతిని కొట్టింది. అది ఇంకా దొర్లుతుండగానే ఒక కాకి వచ్చి ముక్కున కరుచుకుని పోయింది. కర్ర తిరిగి ఇవ్వడానికి వెళ్ళి చెబితే, కౌంటర్‌లో ఆవిడ తలెత్తకుండానే, "అది రోజూ ఆడుతుంది డియర్, మీకంటే బాగా ఆడుతుంది" అంది.

అసలు కథ రాష్ట్రం సరిహద్దు దగ్గర మొదలైంది. ఇక్కడ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పచ్చి పళ్ళు, కూరలు, తేనె తీసుకెళ్ళనివ్వరు. పురుగులూ తెగుళ్ళూ పాకుతాయని భయం. మన చెక్‌పోస్టులో లోడు చూస్తారే, అలా ఇక్కడ పళ్ళు చూస్తారు. ఆకుపచ్చ చొక్కా వేసుకున్న ఆఫీసరమ్మ వెనక తలుపు తీసి, బెల్టు పెట్టుకు కూర్చున్న బుట్టని చూసింది. రెండు కిలోల ద్రాక్ష, ఎనిమిది కమలాలు, ఐదు కీరాదోసకాయలు, ఆరు జామకాయలు.

"డబ్బాలో వేసెయ్యండి. లేదంటే ఇక్కడే తినెయ్యండి," అంది.

తినడం అనే మాట ఆవిడ ఊరికే మర్యాదకి అంది. సునీత మాత్రం దాన్నే పట్టుకుంది.

"తినేది పారేస్తామా భవానీ? మా అమ్మ చంపేస్తది. రా, కూర్చో."

"ఇదంతానా? నీకు పిచ్చా?"

"ఆంటీ ప్రేమగా పెట్టింది. డస్ట్‌బిన్‌లో వేసి, రేపు ఆంటీ ఫోన్ చేసి ఎలా ఉన్నాయమ్మా అంటే ఏం చెప్తావ్?"

అక్కడే సిమెంటు బల్ల మీద కూర్చుని మొదలుపెట్టాం. నేను ఉప్పూ కారం డబ్బా తీశాను. మా వెనక నాలుగు కార్లు వచ్చి, యాపిల్ పళ్ళు టపటపా డబ్బాలో పడేసి వెళ్ళిపోయాయి. మేం తింటూనే ఉన్నాం. గంట గడిచేసరికి ఆఫీసరమ్మకి జాలేసిందో ఏమో, వచ్చి కూర్చుంది. ఉప్పూ కారం అద్దిన జామకాయ ముక్క ఒకటి తిని, నీళ్ళు తాగి, ఇంకో ముక్క అడిగింది. ఆవకాయ సీసా మూత తీసి వాసన చూసి, "దీన్ని పోనివ్వొచ్చు, ఇందులో ఏ పురుగూ బతకదు" అంది.

లేచి వెళుతూ బంపరు చూసింది. "ఇదేంటి?"

దిష్టి అంటే ఇంగ్లీషులో ఏమంటారో నాకు తోచలేదు. "సెక్యూరిటీ, మేడమ్" అన్నాను. "దేని నుంచి?" అంది. "అందరి నుంచీ" అన్నాను. ఆవిడ చాలా గౌరవంగా పట్టకారుతో నిమ్మకాయా మిరపకాయలూ తీసి డబ్బాలో వేసి, సారీ కూడా చెప్పింది. ఉట్టి తాడు మాత్రం బంపరుకి వేలాడుతూ ఉండిపోయింది.

నాకు గుండె జారిపోయింది నాన్నా. పైగా ఆదివారం సాయంత్రం నాలుగున్నర, రాహుకాలం. వద్దు, ఆరింటి దాకా ఆగుదామన్నాను. అప్పుడు ఆఫీసరమ్మే చెప్పింది, సరిహద్దు దాటితే గడియారం ముప్పావు గంట వెనక్కి జరుపుకోవాలని. పెర్త్ దగ్గరవుతుంటే ఇంకో ముప్పావు గంటట. అంటే రెండు గజాలు ఇవతల రాహుకాలం వచ్చేసింది, అవతల ఇంకా రాలేదు. సునీత కారు అటు పెట్టి, "ఇప్పుడు ఓకేనా పంతులమ్మా?" అంది. ఏ గడియారం ప్రకారం చూడాలో అమ్మ ఎవరినైనా అడిగి చెబితే బాగుండును.

మాకు రాహువు పట్టలేదు, జామకాయ పట్టింది. యూక్లా అనే చోట గది తీసుకున్నాం. తెల్లారేసరికి సునీత కడుపు పట్టుకుని ముడుచుకుపోయింది. లేస్తే బాత్రూమ్, కూర్చుంటే బాత్రూమ్. నా దగ్గరున్న మాత్రలిచ్చి, ఉప్పూ పంచదార కలిపిన నీళ్ళు పట్టించాను. మధ్యాహ్నానికి కాస్త తెరిపిన పడింది కానీ నడిపే ఓపిక లేదు. బుధవారం పొద్దున ఎనిమిదింటికి ఆసుపత్రిలో హాజరు వెయ్యకపోతే సెమిస్టర్ పోతుంది. ఇద్దరిదీ పోతుంది.

"నువ్వే పోనీ," అని తాళం చెవి ఇచ్చింది.

అప్పటిదాకా నేను ఒక్కసారి కూడా యాభై కిలోమీటర్ల దూరం దాటి నడపలేదు. సీటు ముందుకి జరుపుకుని కూర్చున్నాను. నీ మాట ఒకటే చెవిలో మోగింది. నీ కోపం కాదు, నువ్వు ఎయిర్‌పోర్టులో నా చెయ్యి వదలకుండా నిలబడ్డావే, అది గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది. వెనక సీట్లోంచి సునీత, "ఏడ్చేది తర్వాత ఏడువ్, ముందు నెక్స్ట్ టాయిలెట్ ఎక్కడో చూడు" అంది. బోర్డు చూశాను. అరవై కిలోమీటర్లు.

కొత్త లైసెన్సు కాబట్టి నాకు గంటకి వంద దాటి పోకూడదని రూలు. అందరూ నన్ను దాటుకుంటూ పోయారు, పోనిచ్చాను. దాటేవాళ్ళూ ఎదురొచ్చేవాళ్ళూ స్టీరింగ్ మీంచి ఒక వేలు పైకెత్తి పలకరిస్తారు. మీ లారీలవాళ్ళు ఎదురుపడితే లైటు కొట్టుకుంటారే, అలాగ. పదో కారు దగ్గర నేనూ ఎత్తాను. ఒకచోట రోడ్డు మీద తెల్లటి చారలు గీసి ఉన్నాయి. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే డాక్టరు విమానం ఈ రోడ్డు మీదే దిగుతుందట. ఆ ముక్క దాటేదాకా సునీత కిటికీలోంచి ఆకాశం కాపలా కాసింది. ఆ రోజు కైగూనా మకాం దాకా వచ్చి ఆగాం.

మర్నాడు పొద్దున్నే అసలు పరీక్ష. నూట నలభై ఆరు కిలోమీటర్లు ఒక్క మలుపు లేని రోడ్డు. అలాంటి రోడ్డు మీద నిద్ర శత్రువని నువ్వే అనేవాడివి. ఆవకాయ ముద్ద బుగ్గన పెట్టుకున్నాను. సగం దూరం పోయాక అద్దంలో ఒక కొండ కనిపించింది. మూడు లారీలు కలిపి కట్టిన బండి, ఇక్కడ రోడ్ ట్రెయిన్ అంటారు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్ళప్పటి సంగతి గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో నన్ను నాగపూర్ లోడుకి తీసుకెళ్ళి కేబిన్‌లో నీ పక్కన కూర్చోబెట్టుకున్నావు. "పెద్ద బండి దాటేటప్పుడు గాలి ముందు తోస్తది, తర్వాత లాగుద్ది. స్టీరింగ్‌తో కొట్లాడకూడదు, ఊరికే పట్టుకునుండాలి" అన్నావు. నాతో అనలేదు, క్లీనర్ సత్తిబాబుతో అన్నావు. నేను విన్నాను. ఎడమ పక్కకి జరిగి, వేగం తగ్గించి, ఊరికే పట్టుకున్నాను. ముందు తోసింది, తర్వాత లాగింది, అంతే, బండి వెళ్ళిపోయింది.

ఆ తిన్నటి రోడ్డు దాటాక బల్లడోనియా అనే రోడ్‌హౌస్‌లో ఆగాం. ఒకప్పుడు ఆకాశంలోంచి పడిన అంతరిక్ష కేంద్రం ముక్కలట, అక్కడ పెట్టి చూపిస్తున్నారు. ఆటోనగర్ షెడ్డు వెనక ఉన్న రేకులకి ఏమీ తీసిపోవు. నేను అది చూస్తుంటే గడ్డం పెద్దాయన ఒకాయన వచ్చి, "బయట తెల్ల కారు నీదేనా?" అన్నాడు. చచ్చానురా దేవుడా అనుకున్నాను.

"బాగా దారిచ్చావు. చాలామంది భయపడి బ్రేకు తొక్కుతారు, లేదా పోటీకొస్తారు. ఎవరు నేర్పారు?"

ఆయనే ఆ రోడ్ ట్రెయిన్ డ్రైవరు, పేరు గ్రెగ్. మా నాన్న అన్నాను. ఏం చేస్తారన్నాడు. వీసా కాగితాల్లో నువ్వు నా చేత "ట్రాన్స్‌పోర్ట్" అని రాయించావు, కాలేజీలో కూడా నేను అదే చెబుతూ వచ్చాను. ఆ రోజు మాత్రం లారీ డ్రైవర్ అన్నాను. ఇరవై ఎనిమిదేళ్ళు, ఒక్క యాక్సిడెంటు లేదు అన్నాను. ఎన్ని చక్రాలు, ఏం లోడు, టైర్లు ఎన్నాళ్ళు వస్తాయి, అన్నీ అడిగాడు. గుంటూరు మిర్చి అని చెబితే చేతిలో ఉన్న మాంసం పఫ్ మీది సాసు చూసుకుని నవ్వాడు. నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను నాన్నా. ఇన్నాళ్ళూ వేరే మాట చెప్పినందుకు సిగ్గేసింది.

"మా నాన్న నేర్పలేదు, వద్దన్నారు" అని కూడా చెప్పాను. "నేనూ మా అమ్మాయికి వద్దనే చెప్పాను. ఇప్పుడది నాకంటే పొడుగు బండి తోలుతోంది" అన్నాడు. ఇది నేను కల్పించి రాయలేదు. సునీత సాక్షి, ఆయన ఆ మాట అనేసరికి బాత్రూమ్‌లోంచి బయటికొచ్చింది.

ఆ సాయంత్రం నుంచి సునీత తేరుకుని మిగతా దారి తనే నడిపింది. బుధవారం ఏడూ నలభైకి ఆసుపత్రి గేటు దగ్గరున్నాం. అదీ జరిగింది.

అమ్మ కందిపొడి పంపిస్తే ఈసారి వెల్లుల్లి వేసి కొట్టమను. గోపీకి నా దీవెనలు. నానమ్మకీ, పక్కింటి సుబ్బమ్మత్తకీ నా దండాలు. సత్తిబాబు మావయ్య కనిపిస్తే నేను అడిగానని చెప్పు.

కాల్‌గూర్లీ సంగతి నీ ఇష్టం. వద్దంటే మానేస్తాను, మళ్ళీ ఆ మాట ఎత్తను. అయితే మొన్న నానమ్మ ఫోన్‌లో ఒకటి చెప్పింది. పదిహేడేళ్ళప్పుడు నువ్వు ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బియ్యం లారీ ఎక్కి కలకత్తా పోయావట. పన్నెండు రోజులకి ఒక కార్డు వచ్చిందట, "నేను క్షేమం, బండి నేర్చుకుంటున్నాను" అని. తాతయ్య ఆ కార్డు చించెయ్యబోయి, మడిచి జేబులో పెట్టుకున్నాడట. నువ్వు ఎవరినీ అడగలేదు నాన్నా. నేను అడుగుతున్నాను.

ఆశీర్వదించు.

నీ కూతురు,
భవాని