దసరా పీట మీద మీ బీకన్

ఏవండీ,

డెన్వర్‌లో దసరాకే మంచు పడింది. ముందే పడ్డ మంచు అడుగున పంచదారలా పొడిబారి, పై పొరల్ని జార్చేస్తుందనేవారు మీరు. అమ్మాయికి చెప్పాను. "తెలుసు మమ్మీ" అంది. ఈ సీజన్ తనూ కొండకి వెళ్తుందట. వద్దనలేదు.

మీలాగే స్కీలూ, పారా, మంచులో కూరుకుపోతే సిగ్నల్ పంపే బీకనూ ఆయుధపూజలో పెట్టింది. పక్కన మీ బీకన్ పెట్టింది. పోయిన శీతాకాలం మంచుచరియ కింద మీ జాడ చెప్పింది అదే, ఆలస్యంగానైనా.

నేను బొట్లు పెడుతుంటే, "టెస్ట్ చేద్దాం" అని మీదాన్ని ఆన్ చేసి, తనది వెతికే మోడ్‌లో పెట్టి, దాని మీద దూరం చూసుకుంటూ హాల్లోంచి నడిచొచ్చింది.

"మమ్మీ, డాడీ టూ మీటర్స్‌లో ఉన్నారు."

హారతి ఇచ్చాను. సామానంతా గరాజ్‌లో సర్దేశాం. మీదాన్ని మాత్రం ఇద్దరిలో ఎవరమూ ఆఫ్ చేయలేదు.