మేడమీది పఠనమందిరం తెరవవద్దని మనవి

గ్రంథాలయాల ప్రధానాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మేడమీది పఠనమందిరమును వచ్చే సోమవారం తిరిగి తెరవవలెనన్న తమ ఉత్తర్వును రద్దు చేయుట గురించి.

పాత మార్కెట్టు శాఖ గ్రంథపాలకుడనైన నేను భయభక్తులతో మనవి చేయునది ఏమనగా (భక్తి ఎప్పుడూ ఉన్నదే, ఈసారి భయం పాలు ఎక్కువ):

1. మా గ్రంథాలయము పాత మేడ పై అంతస్తులో కలదు. నేల చెక్కది. కింద దర్జీ దుకాణం. అందులో దర్జీ, ఆయన భార్య, కుట్టుపనివాళ్ళు పొద్దస్తమానం కూర్చుంటారు. వేసవి చివర తమ కార్యాలయము నుండి మూడు రకముల పుస్తకములు వచ్చినవి: చరిత్ర, భాష, యుక్తవయసు పిల్లల జీవితం. చరిత్ర గ్రంథములు ఒక్కొక్కటి ఇటుకంత. నిఘంటువులు వాటికి అన్నలు. మూడో రకం పలుచనివి. మొటిమల గురించి, స్నేహితులు వదిలేయడం గురించి, అమ్మానాన్నలతో ఎలా వేగాలన్న దాని గురించి రాసినవి. వాటి బరువు పుస్తకాల్లో లేదు, చుట్టూ మూగే పిల్లల్లో ఉంది. వేరే చోటు లేక మూడు బీరువాలూ ఒకే మూలన పెట్టించితిని. బడి వదలగానే ఆ మూలకు చీమల బారే.

2. కొన్నాళ్ళకు దర్జీ భార్య పైకి వచ్చి, "అన్నయ్యగారూ, మీ నేల సందుల్లోంచి పొడి రాలుతోంది. పొద్దున కుట్టిన తెల్లచొక్కా మధ్యాహ్నానికి బూడిదరంగైపోతోంది" అన్నది. కిందికి వెళ్ళి చూడగా దూలం నెర్రె విచ్చి ఉన్నది. తమకు విన్నవించితిని. తమ ఇంజనీరుగారు దయచేసి, బూటుకాలితో నేలను తట్టి, "పాత చెక్క కదండీ, మా అత్తగారిలాగా ఊరికే సణుగుతుంది. గట్టిదే" అని సెలవిచ్చి, టీ తాగి వెళ్ళిరి. నాటినుండి నేను గోడవారగా నడుచుచున్నాను. ఇంట్లో కూడా అలాగే నడుస్తున్నానని నా భార్య అంటోంది.

3. గత గురువారం సాయంత్రం ఆ మూల నిండా పిల్లలు. వారిలో నా కూతురూ ఉన్నది. నిఘంటువుల బీరువాకు వీపు ఆనించి కూర్చుని చదువుకుంటోంది. స్నేహితుల ముందు కసిరానని కొన్నాళ్ళుగా నాతో మాటలు మానేసింది. పుస్తకాల కోసం వస్తుంది గాని నా కోసం కాదు.

అప్పుడు నేల కింద ఏదో విరిగింది. ఎండుకొమ్మ విరిగినంత చప్పుడు. పిల్లలెవరూ తలెత్తలేదు. అరిస్తే అందరూ ఒక్కుమ్మడిగా లేచి పరుగెత్తుతారు, ఆ ఊపుకు నేల ఆగదు. కిటికీలోంచి వంగి, కింద గుమ్మంలో గుండీలు కుడుతున్న దర్జీ భార్యతో, "అమ్మా, అందర్నీ తీసుకుని వీధిలోకి వచ్చెయ్యండి, ఇప్పుడే" అన్నాను. ఆమె గుండీలు అక్కడే వదిలేసి, లోపలున్న అందర్నీ వీధిలోకి తీసుకొచ్చేసింది.

తర్వాత పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచాను. "నువ్వు రా. మెల్లగా. పుస్తకం తీసుకునే పో, సంతకం అక్కర్లేదు." సంతకం అక్కర్లేదని నా నోట వినేసరికి, ఏదో ముంచుకొస్తోందని వాళ్ళకూ అర్థమైంది. చప్పుడు చేయకుండా గోడవెంట దిగిపోయారు. నా కూతురు మాత్రం కదలలేదు.

"లేమ్మా" అన్నాను.

"అందర్నీ పంపించేసి నాకు క్లాసు పీకుతావా? నేను రాను."

"క్లాసు కాదు."

"మరేంటి?"

"నాకు భయమేస్తోందమ్మా. నేల విరుగుతోంది. నేనే వచ్చి తీసుకొద్దామంటే నా బరువుకు కూలేలా ఉంది."

తలెత్తి నా ముఖం చూసింది. బుద్ధెరిగాక నా నోట ఆ మాట ఎన్నడూ విని ఉండదు. పుస్తకం పక్కన పెట్టి, మోకాళ్ళ మీద పాకుతూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. మేము మెట్లు అందుకున్నామో లేదో, ఆ మూల మొత్తం కిందికి దిగిపోయింది. చరిత్రా భాషా కలిసి కుట్టుమిషన్ల మీద పడ్డాయి. దుమ్ము సద్దుమణిగే దాకా దర్జీ తన మనుషుల్ని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

4. ఇట్లుండగా, "మిగిలిన భాగము చెక్కుచెదరలేదు గనుక మధ్యన తాడు కట్టి సోమవారం తెరువవలెను, పాడైన పుస్తకములకు సంజాయిషీ ఇవ్వవలెను" అని తమ ఉత్తర్వు అందినది. అయ్యా, తాడుకు పిల్లలు ఆగరు. తాడు కడితే అవతల ఏముందో చూడటానికే వస్తారు. ఆ మిగిలిన భాగాన్ని మోస్తున్నవీ ఆ పాత దూలాలే. రాత్రి పడుకుంటే మంచం కిర్రుమన్నా లేచి కూర్చుంటున్నాను.

కావున తమరు దయతలచి ఆ ఉత్తర్వు రద్దు చేసి, నేలమట్టాన ఒక గది, గోడౌనైనా సరే, షెడ్డయినా సరే, ఇప్పించవలెనని ప్రార్థన. నా భయమును నా చేతకానితనముగా గాక, నేను చేయుచున్న ఉద్యోగములో భాగముగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గ్రంథపాలకుడు

తా.క.: ఈ అర్జీని శుభ్రంగా తిరగరాసింది నా కూతురు. రాస్తూ రాస్తూ ఆగి, "నాన్నా, బతిమాలింది చాలు. తెరవనని రాయి" అంది. ఉద్యోగం పోతుందేమోనన్నాను. "పోతే పోతుంది" అంది గాని, కలం పక్కన పెట్టి నాకు దగ్గరగా జరిగి కూర్చుంది. అందుచేత, సోమవారం తలుపు తెరవను. తాళంచెవి ఇవ్వను. దానికోసం ఎవరినైనా పంపదలిస్తే, ఆ మనిషికి పిల్లలున్నారేమో ముందు కనుక్కుని పంపండి.