మధ్యలో ఆమెన్

అపియా ఆసుపత్రి

పెనీనా అక్కకి,

నీ కబురు అందింది. "నీకోసం ప్రార్థన చేస్తున్నాను" అన్నావు. నువ్వూ అదే మాటంటే ఎలాగక్కా?

నిన్న ఏమైందో విను. పాస్టరమ్మ కోకో వేసి వండిన తియ్యటి అన్నం గిన్నెతో, వెనక నలుగురు ఆడవాళ్లతో ఆసుపత్రికొచ్చి నా మంచం చుట్టూ చేరింది. "తిరేసా, నువ్వు నమ్మకపోయినా నీకోసం ప్రార్థన చేస్తాం తల్లీ" అంది. వద్దంటే ఊరి మొహాన ఉమ్మినట్టు. మన దగ్గర ప్రార్థనకి ఎవరూ అడ్డుపడకూడదుగా, కక్ష తీర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. కళ్లు మూసుకుని మొదలెట్టింది. "ప్రభువా, చర్చి గడప తొక్కని ఈ బిడ్డ గర్వాన్ని క్షమించు. మొగుణ్ణి వదిలేసిన ఈ బిడ్డని..." కడుపులో కణితి కన్నా ఆ మాటే ఎక్కువ మండింది. ఊపిరి కోసం ఆగిందో లేదో, గట్టిగా "ఆమెన్" అన్నాను. అలవాటుకొద్దీ అందరూ "ఆమెన్" అనేసి కళ్లు తెరిచారు.

"ఇంకా అవ్వలేదే!" అంది పాస్టరమ్మ.

"దేవుడికి అర్థమైపోయింది లెండి. అన్నం చల్లారిపోతోంది" అన్నాను.

నిన్ను నవ్వించడానికి రాయలేదు ఇది. నాకు భయంగా ఉంది. సోమవారం ఆపరేషన్. ప్రార్థనకి మీ సవాయి దీవి నుంచి పడవెక్కక్కర్లేదు, అందుకే అందరూ అదే ఇస్తారు. నువ్వు పడవెక్కి రా. వచ్చి కాళ్లు పట్టు, తల దువ్వు. దేవుడి మాట మాత్రం ఎత్తకు.

నీ మొండి చెల్లెలు,
తిరేసా

*

అక్కా,

వచ్చావు. మాట నిలబెట్టుకున్నావు. అన్నం తినే ముందు కూడా ప్రార్థనకి కళ్లు మూసుకోలేదు. నన్ను ఆపరేషన్‌కి లోపలికి తీసుకెళ్తుంటే నీ పెదవులు కదలబోయి ఆగడం చూశాను. "ఇక్కడే ఉంటానే" అన్నావు, అంతే. నా కోసం ఎవరూ అంత కష్టం పడలేదు.

కడుపు కోసి చూసి, లాభం లేదని కుట్టేశారు. నువ్వేమో ఇంటికెళ్లినప్పటినుంచి ముద్ద ముట్టడం లేదట. "దాని మాట విని నోరు కట్టేసుకున్నాను, ప్రార్థన చేసుంటే బతికేది" అని ఏడుస్తున్నావని బావ చెప్పాడు. ఒళ్లు మండిపోయింది నాకు. మీ దేవుడు నన్ను శిక్షించాడని ఊరంతా అంటే పడ్డాను. చెల్లెలి మాట మన్నించినందుకు ఇప్పుడు నిన్నూ శిక్షిస్తున్నాడా?

చెయ్యక్కా, ప్రార్థన చెయ్యి. గొంతెత్తి చెయ్యి. నాకేం ఒరగదు, నీకు ముద్ద దిగుతుంది. కానీ నేను పోయి, మన ఆచారం ప్రకారం మీ ఇంటి ముందే నాకు సమాధి కట్టాక, ఎవరైనా వచ్చి "దేవుడు పిలుచుకున్నాడు" అంటే మాత్రం ఒప్పుకోకు. నన్నెవరూ పిలవలేదు. నాకింకా ఉండాలనే ఉంది.

తిరేసా