రంపంగాడు కొరకలేని ఎముక

ఒరేయ్ చిన్నోడా, డ్యూటీ నుంచి రాగానే ముందు పెరటి తలుపు తాళం చూడు. మన కుక్క రంపంగాడిని బయటికి వదలకు. చెప్పులు అటక మీద పెట్టు, మళ్లీ కొరికితే నన్ననకు.

నువ్వు తెచ్చే బొమ్మలన్నీ రంపంగాడు గంటలో పీలికలు చేసేవాడు. పెరట్లో వారం నుంచి కొరుకుతున్న ఆ నల్ల రబ్బరు ఎముక మాత్రం చెక్కుచెదరలేదు. ఇన్నాళ్లకి మా తమ్ముడికి బుద్ధొచ్చింది, గట్టిది కొన్నాడని మురిసిపోయా. ఇందాక ఫోన్‌లో అడిగితే, "నువ్వే కొన్నావనుకున్నా అక్కా" అన్నావు. నేను కొనలేదురా. ఇంట్లో ఉండేది మనిద్దరమే.

అన్నట్టు, పొద్దున పెరటి గేటు చప్పుడైంది. ఆకు కదిలినా మొరిగేవాడు, మొరగలేదు. గేటు దగ్గర నిలబడి తోక ఊపుతున్నాడు.