తీసేయడానికి వీల్లేని అక్షరం

2014 అక్టోబర్ 9, ఉలాన్‌బాతర్
ప్రపంచ లిపులకు కంప్యూటర్ నంబర్లు ఇచ్చే కమిటీ నుంచి మెయిల్. మా మంగోలియా పాత చదరపు లిపి కంప్యూటర్‌లోకి ఎక్కుతోంది. ప్రతి అక్షరానికీ ఒక నంబర్. ఒక్కదానికి మాత్రం ఆపారు. నేను పంపిన ఫోటోలో ఆ అక్షరం ఒకే ఒక్క రాతిమీద ఉంది, చెక్కినవాడి పొరపాటేమో, ఇంకో ఆధారం చూపించు అన్నారు. డెడ్‌లైన్ 24. ఒకసారి నంబర్ ఇస్తే ఇక ఎన్నటికీ తీసేయరు. నిజంగా పొరపాటే అయితే?

అక్టోబర్ 13, అర్వైఖేర్
ఇక్కడ యాంజిమా అవ్వ దగ్గర ఈ లిపిలో పుస్తకం ఉందని విని వచ్చాను. ఎనభై ఆరేళ్లు. పట్టుగుడ్డ చుట్టి పిండిపెట్టెలో దాచింది. లామా మంచి రోజు చెబితేనే విప్పుతానంది. పాల టీ పోస్తూ, నువ్వు ఏ ఆఫీసు మనిషివే అని మూడుసార్లు అడిగింది.

అక్టోబర్ 14
లామా చెప్పిన రోజు 28. నా ఖర్మ.

అక్టోబర్ 17
ఇవాళ తనే చెప్పింది. ఆ పుస్తకం రాసింది వాళ్ల నాన్న. 1937లో లామాలనూ పాత చదువులవాళ్లనూ సర్కారు ఏరేస్తుంటే ఆయన్నీ తీసుకెళ్లారు. పుస్తకం పిండిలో ఉండబట్టి దొరకలేదు. అవ్వ రోజూ వాళ్లమ్మతో జైలు గేటు దాకా నడిచేదట. ఉన్నాడా అని అమ్మ అడిగేది. లేడు అనేవాడు కాపలావాడు. ఆ చలికాలమంతా అదే మాట. తర్వాత బడిలో తన పేరు ముందు ఇంటిపేరులా ఉండే నాన్న పేరు కొట్టేసి అమ్మ పేరు పెట్టారు.
ఇక పుస్తకం ఫోటో తీసుకుంటానని ఏ మొహం పెట్టుకుని అడగను?

అక్టోబర్ 21, పొద్దున
అవ్వ పిడకల కోసం బయటికెళ్లింది. పెట్టె మూతమీద చెయ్యి వేశాను. వెంటనే తీసేశాను. ఛీ.

అదే రోజు, సాయంత్రం
ఉండబట్టలేక నా భయమంతా కక్కేశాను. నంబర్ ఇచ్చాక తీసేయడం ఎవరివల్లా కాదు, ఇచ్చినవాళ్లవల్ల కూడా కాదు, తప్పయితే నా తప్పు అలాగే ఉండిపోతుంది అన్నాను. అవ్వ గిన్నె కింద పెట్టింది. సర్కారు అడిగినా తీయరా అంది. తీయరు అన్నాను. తుపాకులతో వచ్చినా తీయరా అంది. తీయరు అవ్వా అన్నాను.
లేచి పెట్టె తెరిచింది. మరి మంచి రోజు 28 కదా అని నేనే గుర్తుచేశాను. మా నాన్నను తీసుకెళ్లినవాళ్లు మంచి రోజు చూసుకునే వచ్చారా, పోయి చేతులు కడుక్కురా అంది.
పదకొండో ఆకులో ఆ అక్షరం ఉంది. ఒకటి కాదు, రెండుచోట్ల. ఏడ్చేశాను.

అక్టోబర్ 22
పుస్తకం ఎవరిదో ఫారంలో రాయాలి. గుర్తింపు కార్డులో అమ్మ పేరుతో ఉన్న పేరు వద్దంది. లొసోల్ కూతురు యాంజిమా అని రాయించింది. దీన్నీ తీయరుగా అని అడిగింది.

2017 జూన్ 26
చివరికి ఆ అక్షరానికి నంబర్ వచ్చి వారమైంది. రోజూ పొద్దున్నే అవ్వ ఫోన్ చేస్తుంది. ఉందా అంటుంది. చూడకుండా జవాబు చెప్పే ధైర్యం నాకు లేదు. ల్యాప్‌టాప్ తెరుస్తాను.
ఉంది అవ్వా.