కరగని ఉప్పు, అలిగిన అక్క

తమ్ముడికి అక్క ఆశీస్సులు.

నిన్న కేకు మీదకి పాకం పడదామని మీ బావ బేకరీలో గిన్నె పొయ్యి మీద పెట్టి చక్కెర పోశారు. ఎంత మండించినా కరగదే! గిన్నె మాడింది, ఆయన మొహమూ మాడింది. చివరికి నాలిక మీద వేసుకుంటే ఉప్పు! రెండూ తెల్లగానే ఉంటాయి కదా, అది కరిగి ఇది కరగదేం? కెమిస్ట్రీ మాస్టారివి, చెప్పు.

ఇట్లు,
నీ అక్క

తా.క. నువ్వొచ్చి ఏడాదైంది. ఉప్పు వంకతోనైనా గుర్తుచేస్తున్నా.

అక్కకు నమస్కారాలు.

ఉప్పులో సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది. ఒకటి ప్లస్ అయాన్, ఇంకోటి మైనస్ అయాన్ అవుతాయి. ఇక ముందూ వెనకా, పైనా కిందా ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. విడదీయాలంటే ఎనిమిది వందల డిగ్రీలు కావాలి. చక్కెర అలా కాదు. ఒక్కో అణువూ ఒక్కో సంసారం. లోపలివాళ్లు, అంటే పరమాణువులు, ఎలక్ట్రాన్లు పంచుకుని విడవకుండా ఉంటారు. పక్కింటి అణువుతో మాత్రం పలకరింపులే. కాస్త సెగ తగిలితే ఎవరి దారి వాళ్లది.

ఇట్లు,
తమ్ముడు

తా.క. అంత గట్టి ఉప్పూ నీళ్లలో వేస్తే విడిపోతుంది. నీళ్లు చుట్టూ చేరి ఒక్కొక్కదాన్నీ లాక్కుపోతాయి.

మాస్టారుగారికి,

బాగా అర్థమైంది. నీ పెళ్లికి ముందు మనం ఉప్పు. ఇప్పుడు నీదో అణువు, నాదో అణువు. మధ్యలో పలకరింపులు. చుట్టూ చేరి లాక్కుపోయిన ఆ నీళ్లెవరో కూడా తెలిసింది.

ఇట్లు,
పక్కింటి అణువు

తా.క. "వాడు ఉప్పు గురించే రాశాడే" అంటున్నారు మీ బావ. ఉప్పుకీ చక్కెరకీ తేడా తెలియని మనిషి మాట నేను వినను.

అక్కా,

ఒట్టు, నేను మన గురించి రాయలేదు! చక్కెర అణువుల మధ్యా ఆకర్షణ ఉంది. లేకపోతే పలుకే కట్టదు. కాకపోతే ఉప్పులో కంటే తక్కువ, అంతే.

ఇట్లు,
తమ్ముడు

తా.క. నీ మరదలు ఈ ఉత్తరాలు చదివి ఒకటే నవ్వు.

తమ్ముడికి,

"తక్కువ" అన్న మాట నీ నోటితోనే వచ్చింది. ఇక నాకు రాయకు.

అక్క

తా.క. రాయకన్నానని మానేస్తావేమో. మానేసి చూడు!

వదినగారికి నమస్కారాలు.

రాస్తున్నది నీళ్లు. మీ తమ్ముడు ఏడాదిగా రాకపోవడానికి కారణం నేను కాదండీ. మీ ఊరి స్కూలుకి బదిలీ కోసం సెలవులన్నీ ఆఫీసుల చుట్టూ తిరగడానికే అయిపోయాయి. దొరికేదాకా మీకు చెప్పొద్దని నా చేతా, మీ ఇంట్లో అన్నయ్యగారి చేతా ఒట్టు వేయించుకున్నారు. ఇవాళ పొద్దున ఆర్డరు వచ్చింది. మీ బేకరీ వెనక సందులో మేడ మీద వాటా అన్నయ్యగారు ముందే మాట్లాడి పెట్టారు. వచ్చే వారం సామానుతో దిగుతున్నాం.

ఇట్లు,
మీ మరదలు

తా.క. ఆర్డరు కవరు విప్పింది నేనే. ఆయనకింకా తెలియదు. మీ ఇద్దరి బంధం ఉప్పు కంటే గట్టిదని రుజువు చేస్తూ మీకు బొమ్మలతో సహా జవాబు రాస్తున్నారు. నాలుగో పేజీలో ఉన్నారు, మధ్యలో ఆపడమెందుకని ఊరుకున్నాను.