పంటి సందు

సెప్టెంబరు 4

వచ్చి పడ్డాం. మా ఆవిడకి బ్యాంకులో ప్రమోషన్, నాకు అజ్ఞాతవాసం. మూడో అంతస్తులో రెండు గదులు. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు నీళ్ల గొట్టాలు. ఎవరు ఎప్పుడు స్నానం చేస్తున్నారో నాకు తెలిసిపోతుంది. ఎందుకు తెలియాలి నాకు?

పాత ఊళ్లో నేను పనిచేసిన ల్యాబ్ ఓనరు మాటిచ్చాడు. ఏడాది ఆఖరు దాకా నా కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టడట. నచ్చకపోతే వచ్చెయ్యవయ్యా అన్నాడు. నచ్చదని నాకు ఇప్పుడే తెలుసు. వెళ్లిపోతే తను ఇక్కడ ఒక్కతే, నేను అక్కడ ఒక్కణ్ణే. ఈ వయసులో. కుర్చీ సంగతి మా ఆవిడకి చెప్పలేదు.

సెప్టెంబరు 11

కొత్త ల్యాబ్‌లో చేరాను. అదే పని, కట్టుడు పళ్లు. డాక్టర్లు నోటి అచ్చులు పంపుతారు, మేం మైనంలో పళ్లు పేర్చి, సెట్టు తయారుచేసి పంపుతాం. ఇక్కడి ఓనరు మేడమ్ నాకంటే బాగా చిన్నది. మాట మాత్రం మేకు దిగ్గొట్టినట్టుంటుంది. ఆవిడకో రూలుంది. పళ్లు పేర్చే ముందు వెళ్లి ఆ మనిషితో కాసేపు మాట్లాడి రావాలట. పాత ల్యాబ్‌లో ఇన్నేళ్లలో నేనొక్క పేషెంటు మొహం చూసి ఎరగను. అచ్చుంటే చాలదూ? పళ్లు కట్టడానికి పెళ్లిచూపులొకటా?

సెప్టెంబరు 12

ఈ ఊళ్లో ఎవడూ పక్కకి జరగడు.

సెప్టెంబరు 27

ఆదివారం. పొద్దుట్నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరిగాను. బజారుకెళ్లి ఏమీ కొనకుండా వచ్చాను. మళ్లీ వెళ్లాను. రోడ్లన్నీ ఏటవాలు. పోతున్నప్పుడు ఎక్కుడే, వస్తున్నప్పుడూ ఎక్కుడే, ఇదెలా సాధ్యమో దేవుడికే తెలియాలి. మధ్యాహ్నం పాత ఓనరుకి ఫోన్ చేసి ఊరిని గంటసేపు తిట్టాను. ఆయన హాయిగా విన్నాడు. కాస్త నిద్ర పట్టింది.

అక్టోబరు 6

ఈ వారం ఒక ముసలావిడ సెట్టు. పళ్లు పీకకముందు తీసిన అచ్చు కూడా పంపారు. ముందు పళ్లు రెండింటి మధ్యా అగ్గిపుల్ల దూరేంత సందు. మూసేశాను. ముత్యాల్లా పేర్చాను. మేడమ్ అడిగితే, వెళ్లి మాట్లాడి వచ్చానని చెప్పాను. వెళ్లలేదు. ఎక్కడో ఏటి ఒడ్డునట, ఎవరు పోతారు?

అక్టోబరు 14

సెట్టు తిరిగొచ్చింది. ఆవిడ పెట్టుకుని, అద్దం చూసి, తీసి డాక్టరు చేతిలో పెట్టేసిందట. ఇవి నావి కావు, ఎవరివో వాళ్లకిచ్చెయ్యండి అందట. ఇన్నేళ్ల సర్వీసులో నా పని తిరిగి రాలేదు. చెవుల్లోంచి పొగలొచ్చాయి.

మేడమ్ అరవలేదు. అరిచినా బాగుండేది. ఆవిడ ఎలా ఉంటుంది, లావా సన్నమా అని అడిగింది. నేను నేల చూపులు చూశాను. రేపు వెళ్లి చూసి రండి, అప్పుడు చెబుదురుగాని అంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

అక్టోబరు 15

వెళ్లాను. ఏటికి ఇవతల లాంచీ రేవు. ఆవిడ అక్కడ టికెట్లిస్తుంది. సన్నం. లాంచీ నిండగానే ఆవిడ ఈల వేస్తే, దాన్ని నడిపే సరంగు బయల్దేరతాడు, ఎన్నో ఏళ్లుగా ఇదే పద్ధతి. ఆ ఈల వచ్చేది ఆ సందులోంచి! ఇప్పుడు మెళ్లో ఒక రేకు పీపీ వేలాడుతోంది. సరంగు దాన్ని లెక్కచెయ్యడం లేదు. ఆ కూత మాకు పట్టదక్కా, చెయ్యి ఊపు చాలు అంటున్నాడు. ఆవిడ లేచి నిలబడి చెయ్యి ఊపుతుంటే చూడలేకపోయాను.

నా నోరు నొక్కేసిన మహానుభావుడివి నువ్వేనా నాయనా అని అడిగింది. ఔనన్నాను. మరేం చెప్పను? ఆవిడ బోసినోటితో పడీ పడీ నవ్వింది. నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

నవంబరు 1

ఈల నేర్చుకుంటున్నాను. గాలి ఎక్కణ్ణుంచి వస్తుందో, నాలుక ఎక్కడ ఆనుతుందో తెలియకపోతే సందు ఎంత పెట్టాలో ఎలా తెలుస్తుంది? పక్కింటాయన గోడ బాదాడు. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, రిటైరయ్యాక పట్టాల్సిన పిచ్చి కాస్త ముందే పట్టినట్టుంది అంది.

నవంబరు 5

మైనం సెట్టు పట్టుకెళ్లి ఆవిడ నోట్లో పెట్టి చూశాను. ఈల రాలేదు. తుంపర వచ్చింది. నా కళ్లజోడు మీద.

నవంబరు 10

సందు పెంచాను. ఇవాళ ఘోరం. స అన్నప్పుడల్లా ఈల. ఎవరో చిల్లర తర్వాత ఇస్తాననేసరికి ఆవిడ సరే సరే అంది. రెండు ఈలలు. సరంగు లాంచీ వదిలేశాడు! సగం జనం ఒడ్డు మీద, ఒకాయన సంచీ లాంచీలో, ఆయన నీళ్లలో మోకాళ్ల దాకా. అందరూ కలిసి నన్ను తిట్టారు. తిట్టి, నవ్వి, బల్ల మీద జరిగి చోటిచ్చారు. ఒకామె టీ కప్పు చేతిలో పెట్టింది. తర్వాతి లాంచీలో అవతలి ఒడ్డుకి తీసుకుపోయారు. అక్కడ ఒకటే వీధి, అంతా గడియారాలు బాగుచేసే కొట్లు, ఏ రెండు గడియారాలూ ఒక టైము చూపవు. చీకటిపడే దాకా అక్కడే తిరిగాను.

బాగుంది. రాశాక కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

నవంబరు 21

వచ్చింది. సన్నగా మొదలై ఏటి అవతల దాకా వెళ్లింది. సరంగు ఇంజను ఆపి, ఎక్కణ్ణుంచి ఊడిపడ్డావక్కా అని అరిచాడు. ఆవిడ మళ్లీ వేసింది. మళ్లీ వేసింది. పనేమీ లేకుండానే. నేను రెయిలింగు పట్టుకుని ఏటి వైపు తిరిగి నిలబడ్డాను. మనుషులు చూస్తారని.

డిసెంబరు 3

నేను ఫోన్ ఎత్తడం లేదని పాత ఓనరు మా ఆవిడకి చేశాడు. కుర్చీ గుట్టు రట్టయింది. ఇన్నాళ్లూ నాతో తింటూ, పడుకుంటూ, పెట్టె సర్దుకునే ఉన్నారన్నమాట అంది. గొంతు పెంచలేదు. వెళ్తే వెళ్లండి, నేనేం చిన్నపిల్లని కాదు, కానీ నీ కోసం ఉండిపోయానని మాత్రం జీవితాంతం నా నెత్తిన రుద్దకండి అంది. బ్యాగు తీసుకుని ఆఫీసుకి వెళ్లిపోయింది.

సరిగ్గా ఆ మాటే తయారుచేసి పెట్టుకున్నాను. నీ కోసం ఉండిపోయాను. ఎలా కనిపెట్టిందో.

డిసెంబరు 17

ఉండనా, వెళ్లనా. టీ చేసుకోవడం, చల్లార్చడం, పారబొయ్యడం.

డిసెంబరు 27

పాత ఓనరు స్వయంగా వచ్చాడు. నాకూ కలిపి తిరుగు టికెట్టు కొనుక్కొచ్చాడు. పెద్దమనిషి, అంత ప్రేమ. స్టేషన్ నుంచి ఇంటికొచ్చే దాకా తిడుతూనే ఉన్నాడు. ఇవేం రోడ్లయ్యా, మనుషులు నడిచేవా మేకలు నడిచేవా అన్నాడు. ఈ జనానికి మర్యాద లేదు, ఎవడూ జరగడు అన్నాడు. కిటికీ తెరిచి, ఛీ, గొట్టాలు అన్నాడు.

ముందు నవ్వాను. తర్వాత నాకేమైందో తెలియదు. అడిగితే జరుగుతారు, మీరు అడిగారా అన్నాను. ఈ రోడ్లెక్కడం చేతగాకపోతే ఆటో మాట్లాడుకోవాలి, ఊరిని అంటారెందుకు అన్నాను. గొంతు లేచిపోయింది. ఆ ఏరు చూశారా, ఆ లాంచీ చూశారా, చూడకుండా ఎలా వాగుతారు అన్నాను. వాగుతారు అన్నాను! నాకు పని నేర్పిన మనిషిని.

ఆయన నివ్వెరపోయాడు. ఇవన్నీ నువ్వే కదయ్యా నాకు ఫోన్‌లో చెప్పింది అన్నాడు. నేను అంటే వేరు అన్నాను.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఓనరు మొహంలో కోపం లేదు, అదే బాధ. జేబులోంచి నా టికెట్టు తీసి, దీన్ని కాన్సిల్ చేయించెయ్ అన్నాడు. భోజనం పెట్టిస్తావా, అదీ లేదా అన్నాడు. తిన్నాక స్టేషన్‌కి వెళ్లి ఆయన్ని రైలెక్కించాను.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలోనే ఉంది. ఎవరి కోసం ఉన్నట్టు అని అడిగింది. నీ కోసం కాదులే, గొప్పలు పోకు అన్నాను. తను కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికి వెళ్లింది.

జనవరి 4

నా కుర్చీలో కొత్తవాడు కూర్చున్నాడట. పొద్దుట్నుంచీ ఏడుపు. అది కుర్చీ అయ్యా, మనిషి కాదు, అని నాకు నేనే చెప్పుకున్నాను. పనిచెయ్యలేదు. సాయంత్రం లాంచీ ఎక్కి దిగలేదు. అటూ ఇటూ. టికెట్టావిడ మళ్లీ టికెట్టు అడగలేదు. ఏడో, ఎనిమిదో ట్రిప్పుకి ఇవతలి ఒడ్డున మా ఆవిడ, ఆఫీసు బ్యాగుతో. ఎవరు కబురు చేశారో. తనూ ఎక్కింది. నేను జరిగాను.